అడ్డపొగ: మన అవ్వల నోట్లో నిప్పు ఎందుకు?



ఉత్తరాంధ్ర ఊళ్లలో మన అవ్వలు చాలామంది చుట్టని తిరగేసి, నిప్పున్న కొనని నోట్లో పెట్టుకుని తాగుతారు. దీన్నే అడ్డపొగ అంటారు. బయటివాళ్లు చూసి "అడవి జనం అలవాటు" అని నవ్వుతారు. కానీ చరిత్ర వేరేగా ఉంది.

పొగాకు మన కొండల్లో పుట్టింది కాదు. అమెరికా ఖండం మొక్క. సుమారు 400 ఏళ్ల కిందట పోర్చుగీసు వర్తకుల వల్ల మన దేశంలో వ్యాపించింది. అడ్డపొగ కూడా గిరిజనులకే పరిమితం కాదు. సముద్రం ఒడ్డు జాలరి పల్లెల్లోనూ, మైదానం ఊళ్లలోనూ ఉంది.

మరి ఎందుకు మొదలైంది? చేసే పనిలోనే జవాబు ఉందని పెద్దల మాటలు వింటే తెలుస్తుంది. గాలికి, వానకి చుట్ట ఆరిపోదు. పడవ మీదైనా, పోడు చేలో అయినా ఇది అవసరమే. నాట్లేసే చేతులు, కలుపు తీసే చేతులు ఖాళీగా ఉండవు. నిప్పురవ్వ చీర మీదో, చంకలో బిడ్డ మీదో పడదు. ఒకే చుట్ట చాలాసేపు వస్తుంది, ఖర్చు తక్కువ.

మగాళ్లు సంతకి, కూలికి, ఉద్యోగానికి బయటికి వెళ్లారు. చేతిలో డబ్బు ఆడింది, బీడీ, సిగరెట్ అలవాటయ్యాయి. ఆడవాళ్లకి చుట్టే మిగిలింది. ఇప్పటికీ చూడండి, అవ్వ చుట్ట తాగితే ఎవరూ ఏమీ అనరు. కాలేజీ అబ్బాయి సిగరెట్ కాలిస్తే "వయసు అలాంటిది" అంటారు. అమ్మాయి కాలిస్తే మాత్రం ఊరంతా పంచాయితీ.

కారణాలు ఎన్ని ఉన్నా, నష్టం మాత్రం అవ్వల ఒంటికే. 1971లో వెలువడిన ఒక పరిశోధన కోసం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. అప్పటికి పార్వతీపురం కూడా ఆ జిల్లాలోదే. అడ్డపొగ ఆడవాళ్లలోనే ఎక్కువ కనిపించింది. అంగిట్లో తెల్లమచ్చలు, పుండ్లు కూడా అడ్డపొగ తాగేవాళ్లలోనే ఎక్కువ. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిటికే తగులుతాయి కాబట్టి అక్కడే క్యాన్సర్ వస్తుంది.

అందుకని సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అవ్వని తిట్టొద్దు, ఎగతాళి చెయ్యొద్దు. ఫోన్ లైటు వేసి అంగిలి చూద్దాం. మానని పుండు గానీ, తెల్లమచ్చ గానీ, గడ్డ గానీ ఉంటే మనమే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్దాం. చదువుకున్న మనం కాకపోతే ఆవిడకి ఎవరు చెప్తారు?

మీ ఊళ్లో దీన్ని ఏమంటారో, ఎవరు తాగుతారో కింద రాయండి.