రాజోలుకి ఖిల్లా లేదు

పోయిన చలికాలం సెలవుల్లో పిల్లల్ని తీసుకుని రాజోలు వెళ్ళాం. మా ఫుఫ్ఫూ ఇల్లు అక్కడే. అంతకు ముందు ఏడాది గోల్కొండ చూసొచ్చిన మా పెద్దమ్మాయి బస్సు దిగీ దిగగానే అడిగింది: "అబ్బా, ఇక్కడ ఖిల్లా ఎక్కడ?"

లేదన్నాను.

"అయితే మనవాళ్ళ తారీఖ్ ఇక్కడేం లేదా?"

ఆ 'మనవాళ్ళు' అన్న మాట నాకు కొంచెం గుచ్చుకుంది. కుతుబ్‌షాహీ సుల్తాన్లు మనకేమీ ఖాందాన్ కాదు. మా దాదా కొబ్బరికాయల దింపు లెక్కలు రాసుకుని బతికిన మనిషి. కానీ మన ఇళ్ళల్లో తారీఖ్ అంటే గుంబద్‌లూ మీనార్‌లే. అవి లేని ఇలాకాలో పుట్టినవాళ్ళు, పాపం, తారీఖ్ లేని ఖౌమ్ అనుకుంటారు. సరే, మూడు రోజులున్నాం కదా, చూపిద్దాం అనుకున్నాను.

మొదట జమీన్ సంగతి. రాజోలు నిజానికి ఒక దీవిలో ఉంది. పడమర వశిష్ఠ గోదావరి, తూర్పున వైనతేయ, దక్షిణాన సమందర్. ఈ మధ్య భాగానికి పాత ఇంగ్లీషు రికార్డుల్లో నగరం దీవి అని పేరు. ఆ నగరం ఇప్పుడు మామిడికుదురు మండలంలో ఒక ఊరు. మన కుటుంబాలు బాగా ఉన్న ఊరు. దగ్గర్లోనే ఆదుర్రులో బౌద్ధ స్తూపం తాలూకు ఇటుకల కట్టడం ఉంది. అంటే మనకన్నా వెయ్యేళ్ళకు పైగా ముందే ఈ గోదారి ఒడ్డున ఇంకొకరి దువాలు వినిపించాయి. మలికిపురం బోర్డు కనపడగానే నాకు మల్కిభరాముడు, అదే ఇబ్రహీం కులీ కుతుబ్‌షా, గుర్తొచ్చాడు. ఆయన ఫౌజు రాజమండ్రిని గెలిచింది 1571-72లో. కానీ పేర్ల పోలిక తారీఖ్ కాదు, ఆ సరదా అక్కడితో ఆపేశాను.

గోల్కొండ పోయాక 1687 నుంచి ముఘల్ హుకూమత్, తర్వాత ఆసఫ్‌జాహీ. 1753లో సలాబత్‌జంగ్ ఈ సర్కార్లను ఫ్రెంచివాళ్ళ చేతిలో పెట్టాడు. 1766లో నిజాం అలీఖాన్ ఇంగ్లీషు కంపెనీతో సుల్హ్ చేసుకుని వాళ్ళకిచ్చాడు. బదులుగా రావలసిన పేష్కష్‌ను కూడా 1823లో కంపెనీ ఒకేసారి డబ్బిచ్చి వదిలించుకుంది. రెండు వందల ఏళ్ళ పరిపాలన! ఇక్కడ ఇమారత్ ఏం మిగిలిందని వెతికితే రాళ్ళలో దొరకదు. ఫుఫ్ఫూ బీరువాలోంచి కొబ్బరితోట అడంగల్ తీసి చూపించాను. పైన 'ఫసలీ' అని సంవత్సరం. మామూలు సంవత్సరంలోంచి 590 తీసేస్తే వచ్చే లెక్క, జులై 1న మొదలవుతుంది. 2024 జులై అంటే ఫసలీ 1434. ముఘల్ జమానాలో ఫసల్ కోతకి తగ్గట్టు పెట్టుకున్న కాలెండర్ అది. ఢిల్లీలో తఖ్త్ పోయింది, కోనసీమ రైతు కాగితం మీద లెక్క నిలిచింది. రైతు కూడా మన 'రయ్యత్'ే. కౌలు, శిస్తు, బాకీ, వసూలు, రసీదు, దరఖాస్తు, తహసీల్దారు... మా అమ్మాయి వేళ్ళు లెక్కపెట్టి, చాలక, వదిలేసింది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీలో చేరినప్పుడు నన్ను చూసి నవ్వినవాళ్ళకి ఈ ఫెహరిస్త్ చెప్పాలని ఎన్నోసార్లు అనిపించింది.

రెండో రోజు పి. గన్నవరం. ధవళేశ్వరం ఆనకట్ట 1847-52 మధ్య కట్టారు గానీ, ఆ నీళ్ళు మా దీవిలోకి రావాలంటే మధ్యలో వైనతేయ పాయ అడ్డం. అందుకని నది మీదుగా కాలువనే వంతెనలా నడిపించారు, 49 కమాన్ల మీద, 1850లలో. కింద నది, పైన నీళ్ళు. పాతది అలా ఉండగానే పక్కన కొత్తది కట్టి 2000లో నీళ్ళు వదిలారు. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఎవరొచ్చినా జాతీ మజ్‌హబ్ అడక్కుండా అన్నం పెట్టిన తల్లి. ఏ సుల్తాన్ పేరున్నా ఇంత బాగుండేది కాదు.

నీళ్ళు బతికించిన నేలని నిప్పు కూడా చూసింది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ రాత్రుల్లో దీపం అక్కర్లేకపోయిందంటుంది ఫుఫ్ఫూ. ఆ తర్వాతి ఏడాది నవంబరులో తుఫాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఆ బజారు మీదుగా వెళ్తుంటే డ్రైవరు బండి స్లో చేశాడు, ఎవరం ఏం మాట్లాడలేదు. ఫాతిహా చదువుకున్నాం. ఇప్పుడు శంకరగుప్తం డ్రెయిన్ వైపు ఇంకో ఆఫత్: పోటుకి ఉప్పునీరు వెనక్కి ఎగదన్ని కొబ్బరిచెట్ల మొవ్వు ఎండిపోతోంది. తల లేని చెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. దిండిలో హౌస్‌బోటు ఎక్కి ఫోటోలు దిగేవాళ్ళు ఒక గంట అటు కూడా వెళ్ళి చూడండి.

ఆఖరి రోజు అంతర్వేది. గుడి దాటి, లైట్‌హౌస్ దాటి వెళ్తే అన్నాచెల్లెళ్ళ గట్టు. ఒక పక్క వశిష్ఠ, ఒక పక్క సమందర్. సుబ్‌హానల్లాహ్ అనకుండా ఉండలేని మంజర్. వెనక్కొచ్చి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం, అవతల నర్సాపురం వెళ్ళడానికి. మోటార్ సైకిళ్ళు, చేపల బుట్టలు, మేము.

నర్సాపురం 17వ శతాబ్దంలో ఓడలు కట్టే ఊరని అమ్మాయికి చెప్పాను. గోదావరి మీద టేకు దుంగలు తేలుతూ వచ్చేవి. థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు 1670ల్లో ఈ రేవుల గురించి రాసిపెట్టాడు. ఆ రోజుల్లోనే గోల్కొండవాళ్ళ ఓడలు మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రంలో మోకా దాకా సరుకుతో, హాజీలతో వెళ్ళేవి. ఇక్కడి నేత బట్ట మడపోలం అన్న పేరుతో యూరప్ దాకా పోయింది. ఆ పేరు మాధవాయిపాలెందే.

"ఆ ఊరు ఎక్కడ?" అంది.

"ఇప్పుడు మనం దిగబోయేది అక్కడే."

ఫుఫ్ఫూ కోడలు కువైట్‌లో పనిచేస్తోంది, తొమ్మిదేళ్ళయింది. ఈ దీవిలో అలాంటి ఇల్లు లేని వీధి అరుదు. ఆమె కొడుకు, ఏడో క్లాసు వాడు, మాతో పాటే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. "మామూ, ఆ హాజీల ఓడ ఎన్ని రోజులకి తిరిగొచ్చేది?" అనడిగాడు. గాలివాటం బట్టి, నెలలు పట్టేది బేటా అన్నాను. వాడు కాసేపు నీళ్ళు చూసి, "అమ్మీకి ఈసారి రంజాన్‌కి ఛుట్టీ ఇస్తారంట" అన్నాడు.

పంటు మాధవాయిపాలెం రేవుకి తగిలింది. ముందు బళ్ళు దిగాయి.