షీటు నిండిన వారం

2020 అక్టోబరు 2, శుక్రవారం రాత్రి. 'పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్' అనే ప్రభుత్వ ఆరోగ్యసంస్థలో కరోనా లెక్కలు చూసేవాళ్లకి ఎక్కడో తేడా కొట్టింది. ల్యాబుల్లో తేలిన పాజిటివ్‌లకీ, దేశానికి చెబుతున్న అంకెకీ పొంతన లేదు. ఆ రోజు బ్రిటన్ ప్రకటించిన కేసులు 6,968. అసలు అంకె అది కాదు.

ల్యాబులు తమ పని తాము చేశాయి. బార్‌కోడ్ అంటించిన శాంపిల్ వచ్చింది, పీసీఆర్ యంత్రం తేల్చింది, ఫలితం కంప్యూటర్‌కెక్కింది. ప్రైవేటు ల్యాబులు ఆ ఫలితాలని కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా పంపేవి. అందుకునేచోట వాటిని ఎక్సెల్ షీట్లలోకి లాగే ఏర్పాటుంది. అదీ పాత 'ఎక్స్ఎల్ఎస్' రకం. షీటుకి 65,536 వరుసలే, ఆపైన ఒక్కటీ పట్టదు. పది లక్షలకి పైగా వరుసలు పట్టే కొత్తరకం 2007లోనే వచ్చింది. ఇక్కడ మాత్రం పాతదే నడుస్తోంది.

పైగా ఒక్కో పరీక్షకి ఒక వరుసతో సరిపోదు, చాలా కావాలి. కాబట్టి షీటుకి పట్టేది సుమారు 1,400 కేసులే. ఎండాకాలంలో కేసులు తక్కువ, సరిపోయింది. సెప్టెంబరు చివర్లో పెరిగాయి. షీటు నిండింది. ఆపైన వచ్చినవి చడీచప్పుడు లేకుండా జారిపోయాయి. మన ఊరి సొసైటీ గుమాస్తా అయినా రిజిస్టరు ఆఖరి పేజీకొస్తే "ఇంకో పుస్తకం ఇప్పించండి" అని అడుగుతాడు. ఈ షీటు అడగలేదు.

సెప్టెంబరు 25న 957 కేసులు గల్లంతు. 28న ఒక్కటీ పోలేదు. 30న 3,049. అక్టోబరు 1న 4,133. ఆ శుక్రవారం 4,786. ఎనిమిది రోజుల్లో మొత్తం 15,841.

వీళ్లకి ఫలితం చెప్పలేదా అంటే, చెప్పారు. పాజిటివ్ అనీ, ఇల్లు కదలొద్దనీ కబురందింది. అందనిది రెండో ఫోను. 'ఈమధ్య ఎవరెవరిని కలిశారు?' అని అడిగే ఫోను. మాంచెస్టర్‌లో ఒక మనిషిని ఊహించుకోండి. మంగళవారం పాజిటివ్ అని తెలిసింది, తలుపేసుకుని కూర్చున్నాడు. ఆదివారం అతని పక్కనే కూర్చుని భోంచేసిన స్నేహితుడు మాత్రం బుధవారం పనికెళ్లాడు, గురువారం ముసలితల్లిని చూసొచ్చాడు. జాగ్రత్త అని అతనికి చెప్పినవాళ్లు లేరు.

శనివారం తెల్లవారుజామున ఒంటిగంటకల్లా తప్పిపోయిన కేసులన్నీ ఆ రెండో ఫోను చేసే కాంటాక్ట్ ట్రేసింగ్ వాళ్ల చేతికి చేరాయి. శనివారం ప్రకటించిన కేసులు 12,872. ఆదివారం 22,961. జబ్బు ఒక్కరాత్రిలో విరుచుకుపడిందా అన్నట్టుంది ఆ అంకె. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ట్రేసింగ్ వాళ్లు మాట్లాడగలిగింది 51 శాతం మందితోనే. అదేరోజు ఆరోగ్యమంత్రి మాట్ హాంకాక్ పార్లమెంటులో సంజాయిషీ చెప్పుకున్నారు. ఈ పాత వ్యవస్థని మార్చాలని జులైలోనే నిర్ణయించామన్నారు! ఈలోగా చేసిన మరమ్మతు ఏమిటంటే, పెద్ద ఫైలుని చిన్నచిన్న ముక్కలుగా కోయడం.

ఎక్సెల్‌ని తిట్టడం తేలిక. అప్పట్లో ప్రపంచమంతా నవ్వింది కూడా. నాకైతే అది నవ్వులాటగా తోచదు. ల్యాబు లోపల అంతా కొత్తదే. ల్యాబు గడప దాటాక, ఆఫీసు గుమ్మం చేరేదాకా ఉన్న ఆ కాస్త దారినే ఎవరూ పట్టించుకోలేదు. పంపినవెన్ని, అందినవెన్ని అని రోజూ సాయంత్రం రెండంకెలు పక్కపక్కన పెట్టి చూసుకుని ఉంటే, మొదటిరోజు 957 దగ్గరే దొంగ దొరికేవాడు. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు.

థీమో ఫెట్జర్, థామస్ గ్రేబర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ వారం జరిగిన జాప్యానికి తర్వాత లెక్కకట్టారు. వాళ్ల అంచనా ప్రకారం అదనంగా జబ్బుపడ్డవాళ్లు 1,25,000 మందికి పైగా. చనిపోయినవాళ్లు 1,500 మందికి పైగా.