పాము విషమూ, గట్టిపడిన మూత్రపిండమూ

స్క్లీరోడెర్మా అంటే గట్టిపడిన చర్మమని అర్థం. 1753లో నేపుల్స్ వైద్యుడు కార్లో కుర్జియో, ఒళ్ళంతా బిరుసెక్కిన ఒక యువతిని గురించి వ్రాసిన చిన్న గ్రంథంతో ఈ అరుదైన వ్యాధి చరిత్రను మొదలుపెట్టడం ఆనవాయితీ. కంటికి కనిపించినదానికే పేరు పెట్టారు. ప్రాణం తీసేది మాత్రం చాలాసార్లు కంటికి కనిపించని చోట ఉండేది.

1952లో మూర్, షీహన్ అనే వైద్యులు ఈ రోగుల మూత్రపిండాలలోని మార్పులను విశదంగా వర్ణించారు. అక్కడి సన్నని ధమనుల గోడలు లోపలివైపు మందమై దారి మూసుకుపోతుంది. రక్తం చాలని మూత్రపిండం రెనిన్‌ను విడుదల చేస్తుంది. దానివల్ల పుట్టే యాంజియోటెన్సిన్ నాళాలను ఇంకా బిగించి రక్తపోటును పెంచుతుంది. ఆ పోటుకు ధమనులు మరింత చెడి, మళ్ళీ రెనిన్ ఊరుతుంది. ఈ విషవలయంలో చిక్కినవారు కొద్ది వారాల్లోనే మరణించేవారు. పోటు తగ్గించడానికి రెండు మూత్రపిండాలనూ కోసి తీసివేసిన సందర్భాలు కూడా ఉన్నాయి!

వలయాన్ని తెంచే ఉపాయం అనుకోని చోట దొరికింది. బ్రెజిల్‌లో జరరాకా అనే పాము ఉంది. మన రక్తపింజరి కుటుంబానిదే. అది కరిస్తే రక్తపోటు పడిపోతుంది. 1965లో సెర్జియో ఫెరీరా ఆ విషంలోని కొన్ని పెప్టైడుల గుణాన్ని ప్రకటించి, తరువాత వాటిని లండనులో జాన్ వేన్ ప్రయోగశాలకు తీసుకువెళ్ళాడు. యాంజియోటెన్సిన్‌ను తయారుచేసే ఎంజైమును అవి అడ్డుకుంటాయని అక్కడ తేలింది. ఆ ఆనవాలు పట్టుకుని 1975లో అమెరికాలోని స్క్విబ్ సంస్థలో కుష్మన్, ఒండెట్టి కాప్టోప్రిల్‌ను నిర్మించారు. మాత్రలో ఉన్నది విషం కాదు, విషం నేర్పిన కిటుకు.

1979లోనే దానిని స్క్లీరోడెర్మా రోగులకిచ్చి చూశారు. 1990లో వర్జీనియా స్టీన్ బృందం ప్రకటించిన లెక్కలలో, ఈ తరగతి మందులు అందనివారిలో ఏడాది బ్రతికినవారు 15 శాతం. అందినవారిలో 76 శాతం. డయాలిసిస్ దాకా వెళ్ళినవారిలో కూడా కొందరికి నెలల తరువాత మూత్రపిండాలు కోలుకున్నాయి.

ఇంత జరిగినా ఆ మందు చర్మాన్ని మెత్తబరచదు, మూలవ్యాధిని మాన్పదు. ముందుగా వేసుకుంటే ఈ ఉపద్రవం రాకుండా ఆపుతుందన్న ఆధారమూ లేదు. వచ్చిన వెంటనే గుర్తించి మొదలుపెట్టాలి. అందుకే చర్మం వేగంగా బిగుసుకుంటున్న తొలి సంవత్సరాలలో, ముఖ్యంగా స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడుతున్నప్పుడు, రక్తపోటును ఇంటివద్దనే తరచు కొలుచుకోమంటారు. రెండున్నర శతాబ్దాల చరిత్ర చివరికి రోగి చేతికి అందించిన జాగ్రత్త అది.