బుట్టలోనికి బంతి: విసరు తీరు మారిన వైనం

బాస్కెట్‌బాల్ ఆటలో బుట్ట నేలకు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. 1891 డిసెంబరులో ఈ ఆట పుట్టిన నాటి నుండి నేటి వరకు ఆ కొలత మారలేదు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా ఉన్న జేమ్స్ నెయిస్మిత్ రెండు పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాలలోని మేడ వసారా అంచుకు కొట్టించినాడు. ఆ అంచు 10 అడుగుల ఎత్తున ఉండుటచేత బుట్టకు కూడా ఆ ఎత్తే కుదిరినది. అందులో శాస్త్రమేమీ లేదు. కాని ఆ ఎత్తు వలన ఒక సమస్య మాత్రము పుట్టినది: బంతిని ఏ విధంగా విసిరితే బుట్టలో పడుతుంది? ఈ ప్రశ్న చుట్టూ శిక్షకులు అరవై ఏండ్లు వాదులాడినారు.

నెయిస్మిత్ వ్రాసిన 13 నియమాలలో మొదటిది, బంతిని ఒక చేతితోగాని రెండు చేతులతోగాని ఏ దిక్కునకైనా విసరవచ్చునని చెప్పుతున్నది. అనగా ఒంటి చేతి విసురును నియమమేదీ నిషేధింపలేదు. నిషేధించినది అలవాటు. ఆటగాడు రెండు పాదాలూ నేలపై ఆనించి, బంతిని రెండు చేతులా రొమ్ము దగ్గర పట్టుకొని, నింపాదిగా గురిచూచి ఎత్తి విసరవలెను. శిక్షకులు నేర్పినది అదే, పిల్లలు గంటల తరబడి సాధన చేసినదీ అదే. ఇందులో గురి తప్పదు గాని, ఎదుటివాడు చేయి చాచి అడ్డుపడక ఊరకే నిలిచి చూడవలెను. ఆట వేగము పుంజుకొన్నకొలదీ అటువంటి తీరిక ఎవరికి దొరుకును?

మార్పు పడమటి తీరమునుండి వచ్చినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆటగాడు హాంక్ లూయిసెట్టి పరుగెత్తుతూనే ఒంటి చేతితో బంతిని వదిలేవాడు. 1936 డిసెంబరు 30న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అతని జట్టు లాంగ్ ఐలాండ్ విశ్వవిద్యాలయముతో తలపడినది. అప్పటికి లాంగ్ ఐలాండ్ జట్టు వరుసగా 43 ఆటలు గెలిచి ఉన్నది. పదిహేడు వేలకు పైగా ప్రేక్షకులు చూస్తుండగా స్టాన్‌ఫర్డ్ 45–31తో గెలిచినది. లూయిసెట్టి 15 పాయింట్లు చేసినాడు. ఈనాటి లెక్కకు అది స్వల్పమే, కాని ఆనాడు ఒక జట్టు మొత్తము 31తో ఆగిపోయినదని గుర్తుంచుకొనవలెను.

పెద్దలు వెంటనే ఒప్పుకొన్నారని అనుకొనరాదు. న్యూయార్కు సిటీ కళాశాల శిక్షకుడు నాట్ హోల్మన్ ఆ కాలపు మహామహులలో ఒకడు. గెలుపు కోసం ఒంటి చేతి విసురును నేర్పవలసివస్తే తాను శిక్షకత్వమే మానుకొంటానని అతడు ప్రకటించినాడు. దేవుడిమీద భారము వేసి విసిరే బంతి తెలివైన ఆట కాజాలదని అతని అభిప్రాయము. హోల్మన్ మూర్ఖుడు కాడు. ఏ విసురు ఎంతవరకు నమ్మదగినదో ఎరిగినవాడు. తనకు పరిచయములేని విసురును ఆ కొలబద్దతో కొలువకుండానే త్రోసివేయుట మాత్రము అతని పొరపాటు.

ఇక నేల విడిచి ఎగిరి విసరుట తరువాతి మెట్టు. దీనిని మొదట చేసినది ఎవరన్న వివాదము నేటికీ తెగలేదు. పలు ఊళ్ళలో పలువురు ఎవరికి వారే కనిపెట్టి ఉండవచ్చును. అందరిలో కెన్నీ సెయిలర్స్ కథ ప్రసిద్ధము. వయోమింగ్ రాష్ట్రములోని పొలము దగ్గర, గాలిమరకు తగిలించిన బుట్ట క్రింద, 1934లో పదమూడేండ్ల ఈ కుర్రవాడు తన అన్నతో ఆడేవాడు. అన్న ఎత్తు ఆరున్నర అడుగులకు కొద్దిగా తక్కువ. తల పైకెత్తి బంతి విసిరితే చాలు, అన్న చేయి అడ్డు వచ్చేది. గత్యంతరములేక తమ్ముడు నిట్టనిలువుగా ఎగిరి, పైనుండి బంతి వదిలినాడు. అదే విసురుతో 1943లో వయోమింగ్ విశ్వవిద్యాలయము జార్జిటౌన్‌ను 46–34తో ఓడించి జాతీయ కళాశాలల పోటీలో నెగ్గినది. సెయిలర్స్ ఆ పోటీలో ఉత్తమ ఆటగాడుగా ఎన్నికైనాడు. ఇంత జరిగినా, 1946లో క్లీవ్‌లాండ్ వృత్తి జట్టులో చేరగానే, ఈ ఎగురుడు విసురు ఇక్కడ సాగదని శిక్షకుడు డచ్ డెనర్ట్ అతనికి చెప్పినాడు. అడ్డుగోడవలె నిలిచి బంతిని పంచి ఇచ్చే ‘పివట్’ ఎత్తుగడకు పేరుమోసినవాడు ఆ డెనర్టే! ఒక కొత్తదనము తెచ్చినవాడు మరొక కొత్తదనాన్ని గుర్తింపలేకపోవుట శాస్త్ర చరిత్రలోనూ అరుదు కాదు.

ఇక లెక్క ఏమంటున్నదో చూడవలెను. రింగు అడ్డుకొలత సుమారు 45 సెంటీమీటర్లు, పురుషుల బంతిది సుమారు 24. బంతి నిట్టనిలువుగా దిగితే దానికి పూర్తి రింగు కనబడును. ఏటవాలుగా వచ్చే బంతికి అదే రింగు కోడిగ్రుడ్డువలె ఇరుకై తోచును. దిగే కోణము 32 డిగ్రీలకు తగ్గితే బంతి రింగు తగలకుండా లోనికి పోవుట అసాధ్యము. ఫ్రీ త్రో గీత దగ్గర నిలిచి ఏడడుగుల ఎత్తునుండి 45 డిగ్రీల కోణములో విసిరినవాని బంతి బుట్టను చేరేసరికి 29 డిగ్రీలలో దిగును, అనగా చాలదు. బుట్ట చేతికంటె ఎత్తున ఉన్నది కాబట్టి 45 సరిపోదు. సుమారు 51 డిగ్రీలు కావలెను. అప్పుడు బంతికి కనబడే దారి 28 సెంటీమీటర్లు, వెసులుబాటు నాలుగు. ఈ కోణానికి మరొక సుగుణము ఉన్నది. బుట్టను చేరుటకు కావలసిన వేగము ఇక్కడే అన్నిటికంటె తక్కువ, సెకనుకు సుమారు 7 మీటర్లు. అందుచేత చేయి కొద్దిగా వంకరపోయి కోణము తప్పినా, బంతి పడేచోటు అంతగా మారదు. 1981లో పీటర్ బ్రాంకాజియో అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఈ విషయాలను వివరించినాడు. 2008లో ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు లక్షల విసురులను కంప్యూటరుపై లెక్కించి 52 డిగ్రీలు తేల్చినారు. బంతి వెనుకకు సెకనుకు మూడు చుట్లు తిరుగుట మేలన్నారు. ఎగిరి విసిరినవాడు బంతిని మరింత ఎత్తునుండి వదలును గనుక అతనికి ఇంకా తక్కువ వేగము చాలును. అన్న చేతిని తప్పించుకొనుటకు సెయిలర్స్ పట్టిన దారిలో ఈ లాభము కూడ ఇమిడి ఉన్నది.

ఐతే లెక్కను ఎల్లరూ మన్నింతురా? ఫ్రీ త్రోలో అడ్డుపడేవాడు ఉండడు. మోకాళ్ళ నడుమనుండి రెండు చేతులతో మెత్తగా ఎత్తి విసిరే పాత పద్ధతి అక్కడ ఎంతమాత్రము చెడ్డది కాదు. రిక్ బారీ తన తండ్రి బలవంతముపై దానిని నేర్చి ఎన్.బి.ఏ. పోటీలలో నూటికి సుమారు 90 చొప్పున వేసినాడు. ఫ్రీ త్రోలలో బలహీనుడైన విల్ట్ చాంబర్లేన్ కూడ 1961–62లో ఆ పద్ధతి పట్టి నూటికి 61కి చేరినాడు. 1962 మార్చి 2న అతడు ఒకే ఆటలో 100 పాయింట్లు చేసిననాడు 32 ఫ్రీ త్రోలలో 28 పడినవి. ఆ తరువాత దానిని వదలివేసినాడు. నవ్వులపాలైనట్లు తోచినదని తానే ఆత్మకథలో వ్రాసికొన్నాడు. మొత్తము మీద అతని సగటు 51 మాత్రమే. బారీ చిన్న కుమారుడు కేన్యన్ భౌతికశాస్త్రములో పట్టా పుచ్చుకొని, 2017లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయము తరఫున తండ్రివలెనే క్రిందినుండి విసరి, వరుసగా 42 ఫ్రీ త్రోలు వేసినాడు.