జీపు ఫ్యాను కథ

1941లో యుద్ధం కోసం తయారైన విల్లీస్ జీపులో ఫ్యానును తిప్పేది ఇంజను బెల్టే. ఆ బండిలో కరెంటు 6 వోల్టులే, మోటారు ఫ్యానును మోసే సత్తువ ఎక్కడిది? చిక్కేమిటంటే, కొండదారిలో ఇంజను మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. వాగులో దిగితే రెక్కలు నీళ్లు ఎగజిమ్మి ఇంజను ఆగిపోతుంది. అందుకని బెల్టు తీసి దాటి, గట్టెక్కగానే మళ్లీ తగిలించేవారు.

మా రైల్వేలోనూ అంతే. 1962లో వచ్చిన డబ్ల్యుడిఎం-2 డీజిల్లో ఫ్యానును ఇంజనే క్లచ్చు ద్వారా తిప్పేది. తర్వాతి డబ్ల్యుడిజి-4కు మోటారు ఫ్యాన్లు వచ్చాయి.

పాత జీపుకు కరెంటు ఫ్యాను పెట్టాలనుకునే మన పిల్లలు ముందు ఆల్టర్నేటరు, వైరింగు చూసుకోండి. ఫ్యూజు పోతే చప్పుడు లేకుండా ఆగిపోతుంది, ఇంజను ఉడికాకే తెలుస్తుంది. బెల్టును మాత్రం పారేయకండి, నీళ్ల పంపు తిరిగేది దానితోనే.