మీదికి దూకే రంపం, కిందికి దిగే రంపం

1922లో అమెరికాలోని ఓ కలప మిల్లులో పని జోరు పెంచాలని రేమండ్ డివాల్ట్ కొత్త రంపం తయారుచేశాడు. బల్ల మీద ఇనుప చెయ్యి, దానికి వేలాడే మోటారు, మోటారుకు గుండ్రటి బ్లేడు. చెక్క కదలదు, రంపమే దాని మీదుగా జరుగుతుంది. ‘వండర్ వర్కర్’ అన్న పేరు దానికి తగినదే.

చిక్కల్లా బ్లేడు తిరిగే దిశతోనే. వడ్రంగి రంపాన్ని తనవైపు లాగుతుంటే పళ్ళు చెక్కను పట్టుకుని, మోటారుతో సహా రంపాన్ని అతని మీదికే ఈడ్చుకొస్తాయి.

1964లో రాక్‌వెల్ సంస్థ తెచ్చిన కరెంటు మైటర్ రంపం దారి మార్చింది. బ్లేడు పైనుంచి దిగి, చెక్కను వెనకున్న అడ్డుగోడకు అదిమి కోస్తుంది. ద్వారబంధాలకు, పటాల ఫ్రేములకు 45 డిగ్రీల మూలకోత క్షణాల పనైంది. అలాగని ఇది సాధుజంతువేమీ కాదు. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే దించాలి. కోత అయ్యాక స్విచ్చి వదిలి, బ్లేడు ఆగాకే పైకెత్తాలి. తిరుగుతుండగా ఎత్తితే తెగిన చిన్న ముక్క తూటాలా ఎగురుతుంది. పొట్టి ముక్కను చేత్తో కాదు, క్లాంపుతో పట్టాలి. పళ్ళకు జిగురు పేరుకుంటే చెక్క కాలి నల్లబడుతుంది. ప్లగ్గు పీకాకే శుభ్రం చేయాలి.

పాత రకం కథ అంతటితో ముగియలేదు. 1958–92 మధ్య అమ్ముడైన ఆ రకానికే చెందిన సుమారు 37 లక్షల క్రాఫ్ట్స్‌మన్ బ్రాండు రంపాలకు బ్లేడును పూర్తిగా కప్పే గార్డు లేదంటూ 2000లో రీకాల్ ప్రకటించారు. చాలా మోడళ్ళకు కొత్త గార్డు ఉచితంగా ఇచ్చారు.