ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాల వినియోగ గణాంకాలు: చరిత్ర

గ్రంథాలయం చందా కట్టిన ఈ-జర్నళ్లను, కొన్న ఈ-పుస్తకాలను పాఠకులు ఏ నెలలో ఎన్నిసార్లు తెరిచారో, ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారో చూపే పట్టికనే వినియోగ గణాంక నివేదిక అంటారు. దీన్ని తయారుచేసి ఇచ్చేది గ్రంథాలయం కాదు, సరుకు అమ్మిన ప్రచురణ సంస్థే. అమ్మినవాడు చెప్పిన లెక్కను కొన్నవాడు ఎలా నమ్మాలన్న ప్రశ్న చుట్టూనే ఈ నివేదికల చరిత్ర చాలావరకు నడిచింది. ఆ లెక్క చూసి ఏ చందా ఉంచాలి, ఏది తెంచుకోవాలి అన్న తగవు దాని వెంటే వచ్చింది.

అచ్చు సంచికల కాలం

జర్నళ్లకు విలువ కట్టాలన్న ఆలోచన కంప్యూటర్ల కంటే చాలా పాతది. 1927లో అమెరికాలోని పొమోనా కళాశాలకు చెందిన, గ్రాస్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న కళాశాల గ్రంథాలయం ఏయే రసాయనశాస్త్ర పత్రికలు తెప్పించుకోవాలో తేల్చడానికి, అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్ 1926 సంపుటంలో ఏ పత్రికను ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కపెట్టి చూశారు. ఈ దారిలోనే యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చారు. ఆ తర్వాత ఒక జర్నల్ వ్యాసాలకు సగటున ఎన్ని ఉదహరింపులు వచ్చాయో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వాడుకలోకి వచ్చింది. కానీ ఉదహరింపులు రాసేవాళ్ల గురించి చెబుతాయి. చదివి ఊరుకునే విద్యార్థి, వైద్యుడు, ఇంజనీరు వాటిలో కనబడరు.

చదివేవాళ్ల లెక్క తీసినవారిలో డొనాల్డ్ అర్కహార్ట్ ముఖ్యుడు. 1956లో లండన్ సైన్స్ మ్యూజియం గ్రంథాలయం నుంచి అరువు వెళ్లిన పత్రికలను పరిశీలిస్తే, అడిగినవాటిలో అధిక భాగం కొద్దిపాటి పత్రికల్లోనే ఉందని, మిగతావి ఏడాదంతా దాదాపు కదలకుండా ఉన్నాయని తేలింది. అందుకే అరుదుగా అడిగేవాటిని ప్రతి గ్రంథాలయమూ కొనకుండా ఒకచోట ఉంచి అందరికీ అరువిచ్చే ఏర్పాటు ఆయన చేతుల మీదుగా ఇంగ్లండ్‌లోని బోస్టన్ స్పాలో వెలిసింది. 1979లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆలెన్ కెంట్ బృందం మరో దుమారం లేపింది. 1969లో కొన్న పుస్తకాల్లో సుమారు 40 శాతం ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఇష్యూ కాలేదని ఆ బృందం లెక్క. ఇష్యూ కాకపోయినంత మాత్రాన చదవలేదని ఎలా అంటారని అక్కడి అధ్యాపకులే అడ్డుతగిలారు. ఆ అభ్యంతరం నేటికీ పాతబడలేదు.

జర్నళ్లది మరో చిక్కు. సాధారణంగా వాటిని ఇంటికివ్వరు కనుక ఇష్యూ రిజిస్టర్‌లో వాటి జాడ ఉండదు. అందుకని చాలా గ్రంథాలయాలు చదివిన సంచికలను ర్యాక్‌లో పెట్టవద్దని, బల్ల మీదే వదిలేయమని బోర్డు పెట్టేవి. సాయంత్రం సహాయకుడు బల్లల మీదివి ఏరి, ఒక్కోదానికి జాబితాలో గీత గీసి, తిరిగి సర్దేవాడు. మర్యాదస్తుడైన పాఠకుడు తానే ర్యాక్‌లో పెట్టేస్తే ఆ లెక్క పోయినట్టే. ఒకే సంచిక పొద్దుట్నుంచీ నలుగురి చేతులు మారినా దానికి దక్కేది ఒక్క గీతే.

లాగ్ ఫైళ్ల నుంచి ఉమ్మడి నియమాల దాకా

1991–95 మధ్య ఎల్సెవియర్ సంస్థ కొన్ని అమెరికన్ విశ్వవిద్యాలయాలతో కలిసి ట్యూలిప్ అనే ప్రయోగం చేసింది. జర్నళ్లను కంప్యూటర్ తెర మీద అందిస్తే పాఠకుడి ప్రతి అడుగూ సర్వర్‌లోని లాగ్ ఫైలులో నమోదవుతుందని అప్పటికే తెలిసివచ్చింది. 1996లో అకడమిక్ ప్రెస్ బ్రిటన్ ఉన్నత విద్యా నిధుల సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందంతో, ఒక సంస్థ జర్నళ్లన్నీ గంపగుత్తగా అమ్మే పద్ధతి మొదలైంది. 2001లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాధిపతి కెనెత్ ఫ్రేజియర్ దీన్ని విమర్శిస్తూ వ్యాసం రాశారు. ‘బిగ్ డీల్’ అన్న పేరు ఆ వ్యాసంతోనే స్థిరపడింది.

గంపగుత్త బేరాన్ని సమర్థించేవారికి ఒహాయో రాష్ట్ర గ్రంథాలయాల కూటమి (కన్సార్టియం) ఒహాయోలింక్ అంకెలు ఆయుధమయ్యాయి. 1998లో అది తన ఈ-జర్నల్ కేంద్రాన్ని తెరిచింది. అంతకుముందు ఏ విశ్వవిద్యాలయమైతే ఏ జర్నల్ తెప్పించుకోలేదో, ఆ విశ్వవిద్యాలయంలోనే ఆ జర్నల్ నుంచి పెద్ద సంఖ్యలో డౌన్‌లోడ్లు జరిగాయని దాని అధిపతి టామ్ శాన్‌విల్ చూపించారు. అంటే లైబ్రేరియన్లు, ఆచార్యులు ఏళ్ల తరబడి కూర్చుని చేసిన ఎంపిక పాఠకుల అవసరాన్ని సగమే అందుకుందన్న మాట. ఇది పుండు మీద కారం లాంటి మాటే అయినా అంకెలు మాత్రం బలంగానే నిలిచాయి.

అయితే ఆ రోజుల్లో ఒక సంస్థ అంకెను మరో సంస్థ అంకెతో పోల్చడం వృథా. ఒకరు పేజీలో ఉన్న ప్రతి బొమ్మనూ ‘హిట్’ కింద రాసుకునేవారు, ఇంకొకరు సెషన్లు లెక్కపెట్టేవారు, మూడో సంస్థ అసలు ఏమీ ఇచ్చేది కాదు. 1998 నవంబరులో అంతర్జాతీయ గ్రంథాలయ కన్సార్టియాల కూటమి ఐకోల్క్, ప్రచురణకర్తలు కనీసం ఏమేం చెప్పాలో మార్గదర్శకాలు విడుదల చేసింది. కొనేవాళ్లు ఏకమై అడగడం ఉపయోగపడింది కానీ, ఎలా లెక్కపెట్టాలన్నది అమ్మేవాళ్లు కూడా ఒప్పుకుంటే తప్ప తేలదు.

అలా ఒప్పుకున్న వేదికే కౌంటర్. గ్రంథాలయాలు, ప్రచురణకర్తలు, మధ్యవర్తి సంస్థలు కలిసి 2002 మార్చిలో బ్రిటన్ కేంద్రంగా దీన్ని మొదలుపెట్టాయి. పీటర్ షెపర్డ్ తొలి డైరెక్టర్. 2003 జనవరిలో మొదటి నియమావళి వచ్చింది. దాని ప్రాణం జేఆర్1 అనే ఒక్క నివేదికలో ఉండేది. జర్నల్ వారీగా, నెల వారీగా, ఎన్ని పూర్తి వ్యాసాలు విజయవంతంగా పాఠకుడికి చేరాయన్నది అందులో ఉండేది. ఒకే లింకును తొందరపాటుగా రెండుసార్లు నొక్కితే ఒక్కసారిగానే లెక్కించాలన్నది చిన్న నియమంలా కనిపిస్తుంది గానీ, కొలతకు అదే పునాది. వెబ్ పేజీ అయితే 10 సెకన్లు, పీడీఎఫ్ అయితే 30 సెకన్లు గడువు పెట్టారు. తర్వాత ఐదో నియమావళిలో అన్నింటికీ 30 సెకన్లే చేశారు. కౌంటర్ నియమాల ప్రకారం సెర్చ్ ఇంజన్ల రోబోలు తెరిచినవి తీసేయాలి. లెక్కలను బయటి ఆడిటర్ పరీక్షించాలి. అమ్మినవాడి లెక్క మీద నమ్మకం కుదిరింది ముఖ్యంగా ఈ ఆడిట్ వల్లే.

నివేదికలు తెచ్చుకోవడం మాత్రం చాలాకాలం ఒక తంతుగానే సాగింది. ఒక్కో ప్రచురణ సంస్థకు ఒక్కో యూజర్ పేరు, ఒక్కో పాస్‌వర్డ్. నలభై సైట్లలోకి లాగిన్ అయి, నలభై ఎక్సెల్ ఫైళ్లు దించి, జర్నల్ పేర్లలోని తేడాలను వాటి గుర్తింపు సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్ పట్టి సరిచూసి, ఒక పెద్ద పట్టికలో అతికించేసరికి వారాలు గడిచిపోయేవి. ఈ బాధ తప్పించడానికే సుషీ అనే ప్రమాణం 2007లో అమెరికా ప్రమాణాల సంస్థ నైసో ద్వారా వెలువడింది. గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ నేరుగా ప్రచురణకర్త సర్వర్‌ను అడిగి నివేదిక తెచ్చుకుంటుంది. 2008లో వచ్చిన మూడో నియమావళి దీన్ని తప్పనిసరి చేసింది. 2012లో నాలుగోది, 2017లో ఐదోది వెలువడ్డాయి. ఐదోది 2019 జనవరి నుంచి అమలైంది. దాని సవరణ అయిన 5.1 అమలు 2025 జనవరిలో మొదలైంది.

ఈ-పుస్తకాల తికమక

1990ల చివరలో నెట్‌లైబ్రరీ అనే అమెరికన్ సంస్థ గ్రంథాలయాలకు ఈ-పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టింది. ఒక ప్రతిని ఒకసారి ఒకరే చదవాలన్న అచ్చు పుస్తకపు అలవాటునే తెర మీదికి తెచ్చింది. కాబట్టి ఒకరు చదువుతుండగా ఎందరు వెనుదిరిగారన్న లెక్క కూడా ముఖ్యమైంది. ఇంకొక ప్రతి కొనాలా అన్నది ఆ తిరస్కరణల సంఖ్య చెబుతుంది. నిజానికి ఏ వినియోగ నివేదికలోనైనా లైబ్రేరియన్ మొదట చూడదగ్గది అదే. వాడినవాళ్ల కంటే అడిగి దొరకనివాళ్ల లెక్క కొనుగోలుకు ఎక్కువ ఉపయోగం.

2006లో పుస్తకాలకు విడిగా కౌంటర్ నియమావళి వచ్చింది. కానీ పుస్తకంలో ఒక ‘వినియోగం’ అంటే ఏమిటి? కొన్ని సైట్లు మొత్తం పుస్తకాన్ని ఒకే పీడీఎఫ్‌గా ఇస్తాయి. కొన్ని అధ్యాయం వారీగా ఇస్తాయి. అందుకని బీఆర్1 అని పుస్తకాల లెక్క, బీఆర్2 అని భాగాల లెక్క రెండు పెట్టారు. ఒక విద్యార్థి పన్నెండు అధ్యాయాల పుస్తకాన్ని ఒక సైట్‌లో మొత్తంగా దించుకుంటే 1 అని, మరో సైట్‌లో అధ్యాయాలుగా దించుకుంటే 12 అని పడేది. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని రెండో సైటే బాగా వాడుతున్నారని సంబరపడిన కొనుగోలు కమిటీలకు కొదవ లేదు. ఐదో నియమావళి ఈ చిక్కు విప్పింది. ఒక సెషన్‌లో ఒక పుస్తకాన్ని ఎన్ని ముక్కలుగా తెరిచినా ఒక్కటిగానే చూపే కొత్త కొలత పెట్టి, అన్ని సైట్లనూ ఒకే గీత మీద నిలబెట్టింది. పాత నివేదికల రద్దీని కూడా నాలుగు మూల నివేదికలకు కుదించింది.

అంకెతో బేరం

చందా సొమ్మును డౌన్‌లోడ్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో వినియోగానికి పడిన ఖర్చు వస్తుంది. గ్రంథాలయాలు ఎక్కువగా నమ్ముకున్న కొలత ఇదే. ఒక జర్నల్ ఏడాది చందా 90,000 రూపాయలు, డౌన్‌లోడ్లు 60 అనుకుంటే వ్యాసానికి 1,500. కానీ సైట్ అమరిక వల్ల పాఠకుడు ముందు వెబ్ పేజీలో తెరిచి, తర్వాత అదే వ్యాసాన్ని పీడీఎఫ్‌లో దించుకుంటే పాత పద్ధతిలో రెండు పడేవి. నిజంగా వాడిన వ్యాసాలు 36 అయితే ఖర్చు 2,500కి ఎగబాకుతుంది. సైట్ రూపకల్పన అంకెలను ఎలా పెంచుతుందో 2006లో ఫిల్ డేవిస్, జేసన్ ప్రైస్ ఒక అధ్యయనంలో చూపారు. ఒకే సెషన్‌లో ఒకే వ్యాసాన్ని ఏ రూపంలో తెరిచినా ఒక్కసారే లెక్కించే కొలత ఐదో నియమావళితో వచ్చింది.

ఇంకో మోసం పాత సంపుటాల్లో ఉంటుంది. 1990ల నాటి సంచికలను గ్రంథాలయం ఒకేసారి సొమ్ము కట్టి శాశ్వతంగా కొనుక్కుని ఉంటుంది. డౌన్‌లోడ్లలో ఎక్కువ భాగం వాటివే అయితే, ఈ ఏటి చందాకు ఆ పేరు అప్పనంగా దక్కుతుంది. ప్రచురణ సంవత్సరం వారీగా విడదీసే నివేదిక చూస్తే గానీ ఇది బయటపడదు. చాలామంది ఆ నివేదిక తెరవరు. పైగా శాస్త్రానికో తీరు ఉంటుంది. వైద్య వ్యాసాన్ని వారంలో వందమంది తిరగేస్తారు. గణిత వ్యాసం దించుకున్నవారు ముగ్గురే అయినా వాళ్లు దానితో ఏడాది గడుపుతారు. ఒకే గీటురాయి మీద రెండింటినీ గీస్తే గణిత విభాగం ప్రతిసారీ ఓడిపోతుంది.

ఈ లోపాలన్నీ తెలిసే 2010లలో గంపగుత్త ఒప్పందాలను తెంచడానికి ఇవే అంకెలు వాడారు. 2019 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎల్సెవియర్‌తో చర్చలు విరమించుకుంది. రెండేళ్ల తర్వాత కొత్త ఒప్పందానికి వచ్చింది. ఉచితంగా దొరికే వ్యాసాలను తీసేసి, మిగిలినవాటికే విలువ కట్టే అన్‌సబ్ అనే సాధనం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థ 2020లో సుమారు 2,200 ఎల్సెవియర్ జర్నళ్ల ఒప్పందాన్ని వదులుకుని, 250 లోపు జర్నళ్లకు పరిమితమైంది. ఒహాయోలింక్ ఉదాహరణతో బిగ్ డీల్‌ను నిలబెట్టిన గణాంకాలే ఇరవయ్యేళ్లకు దాన్ని కూల్చడానికీ పనికొచ్చాయి.

భారతదేశంలో

మన దేశంలో 2000ల తొలినాళ్లలో ఇండెస్ట్, యూజీసీ-ఇన్ఫోనెట్ వంటి కన్సార్టియాలు ఏర్పడ్డాయి. ఉస్మానియా, ఆంధ్ర, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల వంటివి ఇన్ఫోనెట్ ద్వారా ఈ-జర్నళ్లు అందుకున్నాయి. 2015లో ఇవి ఈ-శోధ్‌సింధు పేరిట ఒక్కటయ్యాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడుపుతూ, సుషీ ద్వారా నివేదికలు తెప్పించి ఇన్ఫిస్టాట్స్ అనే పోర్టల్‌లో పెట్టింది. కళాశాలల్లో అయితే లాగిన్ల లెక్క చాలావరకు ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ సంస్థ గుర్తింపు దరఖాస్తు కోసమే బయటికి తీస్తారు. నాక్ బృందం వెళ్లిపోయాక ఆ ఫైలు మళ్లీ బీరువాలోకే.

ఈ పట్టికల్లో అసలు పడని వాడకమూ తక్కువేమీ కాదు. 2016లో సైన్స్ పత్రిక బయటపెట్టిన వివరాల ప్రకారం, సై-హబ్ అనే అనధికార సైట్ ఆరు నెలల్లో 2.8 కోట్ల వ్యాసాలు అందించింది. అందులో 34 లక్షల అభ్యర్థనలు భారత్ నుంచే వెళ్లాయి. చందా ఉన్న సంస్థల వాళ్లు కూడా సులువని అటే వెళితే, గ్రంథాలయం నివేదికలో ఆ జర్నల్ ఎవరికీ అక్కరలేనిదిగా కనబడుతుంది.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు దీని పరిధి. వినియోగాన్ని అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ ఎప్పటికప్పుడు సమీక్షించాలని నిర్ణయించారు. ఈ జర్నళ్ల విషయంలో ఏది తెంచాలన్న ప్రశ్న ఇక ఒక్కో లైబ్రేరియన్‌ది కాదు, దేశానిది. అక్కడ ఒక సాంకేతిక వివరం గుర్తుపెట్టుకోవాలి. నాలుగో నియమావళి నివేదికల్లో ఎవరూ ముట్టని జర్నల్ కూడా సున్నాతో కనబడేది. ఐదో నియమావళి నుంచి సున్నా ఉన్నవాటి పేరే రాదు. చందా కట్టిన జర్నళ్ల పూర్తి జాబితాను పక్కన పెట్టుకుని సరిచూస్తే తప్ప అవి ఏవో ఎవరికీ తెలియదు.